తరగని దమ్ము

అద్దానికి అవతల ఆవిడ కుర్చీ ముందుకు లాక్కుని కూర్చుంది. ఇవతల చీకటి గదిలో నేను, మా టీమ్ లీడ్, టెస్టింగ్ టీమ్ అమ్మాయి. ఆవిడ మాటలు మాకు స్పీకర్లో వినిపిస్తాయి. మా మాటలు ఆవిడకి వినిపించవు, మేం కనపడం కూడా. పొద్దున పదకొండైంది. ఒంటిగంట లోపల ఆవిడ ఒక వంతెన దాటాలి. దాటితే నాకు ఉద్యోగం ఉంటుంది, దాటకపోతే ఉండదు.

వంతెనంటే ఆఫీసు కిటికీలోంచి కనిపించే ఫ్లైఓవర్ కాదు, ఆటలోది. మా కంపెనీ చేస్తున్నది పెద్ద వీడియో గేమ్. అందులో అడవులు, కొండలు, ఊళ్లు, కోటలు. ఎటు బుద్ధి పుడితే అటు నడిచిపోవచ్చు, అడ్డం చెప్పేవాళ్లుండరు. దారిలో ఎదురైనవాటితో పోట్లాడాలి, గెలిచినకొద్దీ బలం పెంచుకోవాలి. ఆట కొత్తగా మొదలెట్టేవాళ్ల కోసం ఒక చిన్న పుస్తకం ఉంటుంది. ముందు ఎటు వెళ్లాలి, బలం ఎలా పెంచుకోవాలి, కత్తి ఎలా తిప్పాలి, ఎప్పుడు సిగ్గుపడకుండా పారిపోవాలి, అన్నీ అందులో చెప్పాలి. తెలుగులో ఆ పుస్తకం రాసింది నేను.

మా ఆఫీసులో ఒక పద్ధతుంది. పుస్తకం పూర్తయ్యాక, జన్మలో ఎప్పుడూ ఇలాంటి ఆట ఆడని మనిషిని బయటినుంచి తీసుకొస్తారు. చేతికి పుస్తకమిచ్చి అద్దాల గదిలో కూర్చోబెట్టి రెండు గంటలు వదిలేస్తారు. ఎవరూ సాయం చెయ్యకూడదు. ముఖ్యంగా రాసిన మనిషి ఆ గదిలో అడుగు పెట్టకూడదు, పెడితే పరీక్ష అక్కడితో రద్దు, దాటనట్టే లెక్క. పుస్తకమే మాట్లాడాలి అంటాడు మా లీడ్. వచ్చిన మనిషి వంతెన దాటితే ఆ భాష పుస్తకం ఆటతో పాటు బయటికెళ్తుంది, దాటకపోతే ఆ భాషనే తీసేస్తారు. తెలుగు తీసేశాక తెలుగు రాసే మనిషితో వాళ్లకేం పని?

నాకు నలభై ఆరు. పెళ్లయిన కొత్తలో బ్యాంకు సాఫ్ట్‌వేర్లకి మాన్యువల్స్ రాసేదాన్ని. తర్వాత మా అత్తగారు మంచాన పడ్డారు. పదకొండేళ్లు కూకట్‌పల్లిలో ఆ మంచం, ఆ మందులు, నేను. ఆవిడ పోయాక మళ్లీ ఉద్యోగాలకి తిరిగితే ప్రతిచోటా ఒకటే ప్రశ్న, ఈ మధ్యలో ఏం చేశారు మేడం అని. మనిషిని బతికించాను నాయనా అని నోటిదాకా వచ్చేది. చెప్పినా గ్యాప్ అనే రాసుకునేవాళ్లు. ఇక్కడొక్కచోట, ఆరు నెలలు చూస్తాం, నచ్చితే ఉంచుకుంటాం అన్నారు. ఇప్పుడు ఆరో నెల నడుస్తోంది. ఇది పోతే నన్ను రమ్మనే గుమ్మం ఇంకొకటి లేదు. ఆ సంగతి నాకు తెలుసు, మా ఇంట్లో తెలుసు, మా లీడ్‌కీ తెలుసు. అతనికి ముప్పై దాటి ఉండవు.

ఇంతకీ నా గుణం గురించి చెప్పాలి. నాకు కోపం ముక్కు మీదుంటుంది. నాకిది చేతకాదు అన్న మాట మాత్రం పీక మీద కత్తి పెట్టినా నా నోట రాదు. ఈ రెండూ కలిసే నా కొంప ముంచాయి.

చేరిన మొదటి వారం. పుస్తకం రాసేవాళ్లు ఆడి రాయాలి, విని రాయకూడదు అన్నది ఇక్కడి రూలు. సరే, ఎంత భాగ్యం అని కూర్చున్నాను. నా సీటు దారి పక్కన. వెనకాల కాఫీ మిషను, కాబట్టి నా స్క్రీను ఊరందరికీ కనిపిస్తుంది. ఆటలో చచ్చిన ప్రతిసారీ తెర మొత్తం ఎర్రగా అయిపోతుంది. నేను తోడేలు చేతిలో చచ్చాను, కొండ మీంచి పడి చచ్చాను, ఒక అడవిపంది అయితే నన్ను వరసగా నాలుగుసార్లు చంపింది. కాఫీ కప్పు పట్టుకుని వెనకాల నిలబడేవాళ్లు, మేడం పక్కకి దొర్లండి, మేడం వెనక్కి రండి అని సలహాలు. వాళ్ల గొంతులో ఎగతాళి లేదు, జాలి ఉంది. ఎగతాళి అయితే నాలుగు తగిలించేదాన్ని. జాలిని ఏం చెయ్యాలో తెలియక తల కొట్టేసినట్టయింది.

టెస్టింగ్ టీమ్ అమ్మాయి నా పక్క సీటు. చేరిన రోజే నన్ను ఆంటీ అంది. నా మొహంలో ఏం చూసిందో, మర్నాటినుంచి అక్కా అయ్యాను. ఆట తప్పులు పట్టుకునేవాళ్లకి మాటిమాటికీ చస్తూ కూర్చుంటే పని సాగదు కదా, అందుకని వాళ్ల కంప్యూటర్లలో కొన్ని స్విచ్చులుంటాయి. ప్రాణం తరగనిదొకటి, దమ్ము తరగనిదొకటి. ఆటలో మన బొమ్మకి రెండు గీతలుంటాయి. ఎర్ర గీత ప్రాణం, పచ్చ గీత దమ్ము. కత్తి విసిరినా, పరిగెత్తినా, పక్కకి దొర్లినా పచ్చ గీత తగ్గుతుంది. కాసేపు ఊరికే నిలబడితే మళ్లీ నిండుతుంది. మొత్తం అయిపోతే బొమ్మ మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని రొప్పుతుంది, ఎవరు కొట్టినా తినాల్సిందే.

ఆ అమ్మాయిని మెల్లగా అడిగాను. ప్రాణం స్విచ్చి వద్దులేమ్మా, అది మరీ మోసం, దమ్ముదొక్కటి వెయ్యి, రెండు రోజులే, చెయ్యి తిరగనీ అన్నాను. దొంగతనంలోనూ నాకు మడి. ఆ అమ్మాయి నవ్వి వేసింది. ఆ సాయంత్రమే అడవిపందిని చంపాను. ఇంటికెళ్తూ షేర్ ఆటోలో నాలో నేనే నవ్వుకున్నాను.

తర్వాత ఆ స్విచ్చి సంగతి మర్చిపోయాను. ఒట్టు, నిజంగానే మర్చిపోయాను. కాకపోతే, గుర్తుంటే కష్టం కాబట్టి మర్చిపోయానని ఇప్పుడు అనిపిస్తుంది.

పుస్తకం మాత్రం ఒళ్లు దగ్గర పెట్టుకుని రాశాను. లేవగానే కనిపించే పెద్ద కోట వైపు వెళ్లకండి, అది మీలాంటివాళ్ల కోసం కాదు. వాగు పక్కనే నడవండి. మంట కనిపించిన ప్రతిచోటా కూర్చోండి, చస్తే మళ్లీ అక్కడినుంచే లేస్తారు. గెలిచినప్పుడు వచ్చే మార్కుల్లో మొదటి అయిదూ ప్రాణానికే పెట్టండి, కత్తికి పెట్టాలని చెయ్యి లాగుతుంది, పెట్టకండి. దెబ్బలు మాన్పే ఆకులు దాచుకోండి. పేరు ఎర్ర అక్షరాల్లో ఉన్నవాడు ఎదురైతే పరిగెత్తండి, పరువు పోదు. ఇలా సాగింది. చివర్లో వంతెన. దాని మీద ఒక కావలివాడుంటాడు, తాటిచెట్టంత మనిషి, చేతిలో గద. వాణ్ణి పడగొడితేనే అవతలికి దారి. అక్కడ నేను రాసింది ఇది: వాడు గద ఎత్తడానికి టైము పడుతుంది. ఆ సందు ఇవ్వకండి. దగ్గరికి వెళ్లి ఆపకుండా కొడుతూనే ఉండండి.

నేను వాణ్ణి అలాగే చంపాను మరి. ఒక్క గుక్కలో.

పరీక్షకి వచ్చినావిడ రిటైరైన సిటీ బస్సు కండక్టరు. హఫీజ్‌పేట్‌లో పుట్టి పెరిగిన మనిషి. ఆ పొద్దున ఒక స్టేషను దూరం లోకల్ రైల్లో వచ్చింది. ఇస్త్రీ చీర, మెళ్లో తాడుకి కళ్లజోడు. కాగితాల మీద సంతకాలు చేయించుకునేటప్పుడు, పరీక్ష ఇంకా మొదలవలేదు కాబట్టి, నేనూ అక్కడే ఉన్నాను. ఎందుకొచ్చారమ్మా అని అడిగితే, ఇంట్లో మనవలు ఫోను ముట్టనివ్వరని చెప్పింది. నీకు తెల్వదు నాయనమ్మా అని చేతిలోంచి గుంజుకుంటారట. ఇవాళ ఇంటికి పోయి, నేను మీకన్నా పెద్ద ఆట ఆడొచ్చినా అని చెప్పాలని వచ్చిందట. ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ మొహంలో ఉన్న పట్టుదల చూసి నాకు నచ్చింది. నా ఉద్యోగం మంచి చేతుల్లోనే పడిందనుకున్నాను.

మొదటి గంట ఎంత బాగా నడిచిందో చెప్పలేను. ఆవిడ పుస్తకాన్ని రూలు పుస్తకంలా పట్టుకుంది. వాక్యం కింద వేలు పెట్టి పైకి చదవడం, తలెత్తి తెర చూడడం, రాసింది రాసినట్టు చెయ్యడం. కోట వైపు చూసి, అటు పోవద్దన్నరు అని తనకి తనే చెప్పుకుంది. వాగు పక్కన నడిచింది. ప్రతి మంట దగ్గరా కూర్చుంది. మార్కులు అయిదూ ప్రాణానికే పెట్టింది. తోడేళ్లు రెండేసి దెబ్బలకే పడిపోయాయి. ఎర్ర పేరువాడు కనపడగానే, ఎంత అందంగా పారిపోయిందో! మా లీడ్ నావైపు తిరిగి, సూపర్ మేడం అన్నాడు. నా వాక్యాలు అలా ఒక మనిషి కాళ్లూ చేతులూ అయి నడుస్తుంటే గాల్లో తేలిపోయాను. మురిసిపోకే, ముందుంది ముసళ్ల పండగ అని మా అమ్మ అనేది.

పన్నెండూ పదికి వంతెన చేరింది.

వేలు పెట్టి నా వాక్యం చదివింది. ఆపకుండా కొడుతూనే ఉండండి. సరే అంది. దగ్గరికి వెళ్లింది, కొట్టింది, కొట్టింది, కొట్టింది. అయిదో దెబ్బకి ఆవిడ బొమ్మ చెయ్యి వాలిపోయింది. మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని రొప్పుతూ నిలబడింది. కావలివాడు తాపీగా గద ఎత్తాడు. తెర ఎర్రగా అయింది.

ఇదేంటి, నాకెప్పుడూ ఇలా ఆగలేదే అనుకున్నాను. అనుకున్న మరుక్షణం తెలిసిపోయింది. నాకు ఎందుకు ఆగలేదో, ఆ పచ్చ గీత నా కంప్యూటర్లో ఇన్ని నెలలు ఎందుకు కదల్లేదో తెలిసిపోయింది. పుస్తకం మొదటి పేజీలో పచ్చ గీత గురించి ఒక వాక్యం రాశాను, అది డిజైన్ కాగితాల్లో చదివి రాసిందే తప్ప చూసి రాసింది కాదు. పక్కకి చూశాను. టెస్టింగ్ అమ్మాయి నన్నే చూస్తోంది. ఆ చీకట్లో కూడా ఆ పిల్ల కళ్లు పెద్దవయ్యాయి. తనకీ అర్థమైంది. వెంటనే తల దించుకుని లాప్‌టాప్‌లో ఏదో కొట్టుకోవడం మొదలెట్టింది.

రెండోసారి చచ్చింది. మూడోసారి. ప్రతిసారీ మంట దగ్గర లేవడం, వంతెనదాకా నడవడం, కళ్లజోడు పెట్టుకుని మళ్లీ అదే వాక్యం చదవడం, అలాగే చెయ్యడం. ముప్పై ఏళ్లు రూలు ప్రకారం బతికిన మనిషి. కాగితం మీద ఉన్నది తప్పయి ఉంటుందన్న ఆలోచనే ఆవిడకి రాలేదు. నాలుగోసారి ఇంకా గబగబా నొక్కింది. గబగబా నొక్కితే దమ్ము ఇంకా తొందరగా అయిపోతుంది. అయిదోసారి రెండు చేతులూ చెమట పట్టాయేమో, కొంగుకి తుడుచుకుంది.

నేను తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. అరుద్దామంటే అద్దం. లేద్దామంటే రూలు.

ఆరోసారి తర్వాత మా లీడ్ నిట్టూర్చాడు. గొంతు తగ్గించి, నామీద దయతోనే అన్నాడు, అది నేను కాదనను.

"ఈవిడ సూట్ కాలేదని రాసేద్దాం మేడం. ఏజ్ ఫ్యాక్టర్. నెక్స్ట్ వీక్ ఇంకెవరినైనా తెప్పిస్తా. మీ పుస్తకం బానే ఉంది."

అంతే. అంత తేలిక. వారం రోజుల టైము. ఈలోగా ఆ ఒక్క వాక్యం చడీచప్పుడు లేకుండా మార్చేస్తాను, స్విచ్చి తీసేస్తాను, వచ్చేవారం వచ్చినవాళ్లు వంతెన దాటుతారు. నా ఉద్యోగం నాకుంటుంది. ఎవరికీ ఏమీ తెలియదు. టెస్టింగ్ అమ్మాయి చెప్పదు, చెబితే తన పీకకీ చుట్టుకుంటుంది. ఆవిడ ఫారం మీద మాత్రం ఈవిడ పనికిరాదు అని ఒక గీత పడుతుంది, అంతేగా. ఆ గీత ఆవిడకి ఎవరూ చూపించరు కూడా.

నేను తలూపాను. దాచను, ఊపాను. అవునేమోనండి, వయసు కదా అని కూడా అన్నాను. ఆ మాట అన్నది నా నోరేనా అని ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. పదకొండేళ్ల గ్యాప్ మొహం మీద రాసిపెట్టుకుని తిరిగినదాన్ని, ఇంకో ఆడమనిషిని వయసు కదా అన్నాను.

స్పీకర్లో ఆవిడ ఏడోసారి చచ్చిన చప్పుడు వచ్చింది. ఎనిమిదోసారీ వచ్చింది. ఆవిడ కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకుంది. అక్కడెవరూ లేరు కదా, తనతో తనే అంటోంది.

"రాసినామె మంచిగనే రాసింది. నాకే చాతనైతలేదు. పోరగాండ్లు అన్నది నిజమే."

ఇక కూర్చోలేకపోయాను. లేచాను. మా లీడ్, మేడం, మేడం, అని చెయ్యి పట్టుకోబోయాడు. వెళ్తే పరీక్ష రద్దవుతుందన్నాడు. తెలుసండి అన్నాను. టెస్టింగ్ అమ్మాయి మాత్రం నన్ను ఆపలేదు. అటు తిరిగి వెళ్లడానికి పది అడుగుల నడవా ఉంది. ఆ పది అడుగుల్లో మా ఇల్లు, మా ఆయన మొహం, మళ్లీ ఏం చేశారు మేడం అనే ప్రశ్న, అన్నీ కళ్ల ముందుకొచ్చాయి. అయినా తలుపు తోశాను.

ఆవిడ ఉలిక్కిపడి లేవబోయింది. కూర్చోండమ్మా అన్నాను. చేతకాదు అన్న మాట నోట రాని మనిషినని చెప్పాను కదా, అది ఎంత నిజమో అప్పుడు తెలిసింది. చివరికి ఎలాగో అన్నాను.

"ఆ వాక్యం తప్పండి. రాసింది నేనే. నేను దమ్ము అయిపోకుండా స్విచ్చి వేసుకుని ఆడాను. మామూలుగా ఆడి ఒక్కసారి కూడా వాణ్ణి గెలవలేదు."

ఆవిడ కళ్లజోడు పెట్టుకుని నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. టికెట్ లేని ప్రయాణికుణ్ణి అలాగే చూసి ఉంటుంది.

"ఎనిమిదిసార్లు సంపిచ్చినవ్ గదనే," అంది.

నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆవిడ పట్టించుకోలేదు. పక్క కుర్చీ చూపించింది, చేతిలో ఉన్న బటన్ల డబ్బా నా చేతిలో పెట్టింది. ఇంకా ఇరవై నిమిషాలుంది, ఇగ నువ్వాడు, నేను చూస్త అంది. అద్దం వైపు చూశాను. అద్దంలో నా మొహమే కనిపించింది గానీ, వెనకాల లీడ్ ఉన్నాడు. కాఫీ మిషను దగ్గర జాలిపడ్డవాళ్లంతా ఉన్నట్టే అనిపించింది. సరే, చూడనీ అనుకున్నాను. ఇక పోవడానికి పరువు ఎక్కడుంది?

ఆడాను. అయిదు దెబ్బలకి దమ్ము అయిపోయింది, గద వచ్చి నెత్తిన పడింది. తెర ఎర్రగా అయింది. రెండోసారి వెళ్లాను. ఈసారి ఆవిడ కావలివాణ్ణి చూడడం మానేసి, వంగి ఆ పచ్చ గీతనొక్కదాన్నే చూడడం మొదలెట్టింది. నేను మూడు దెబ్బలు కొట్టానో లేదో గది మొత్తం మోగేలా అరిచింది.

"హోల్డాన్!"

బస్సుల్లో తిరిగినవాళ్లకి చెప్పక్కర్లేదు. కండక్టరు ఆ మాటంటే డ్రైవరు కాలు దానంతటదే బ్రేకు మీదికెళ్తుంది. నా వేలు దానంతటదే ఆగింది. వెనక్కి జరిగాను. గద వచ్చింది, మిగిలిన కాస్త దమ్ముతో పక్కకి దొర్లాను, గద నేలకి తగిలింది. పచ్చ గీత మెల్లగా నిండుతోంది. కొడదామని నా చెయ్యి లాగుతోంది. ఆవిడ నోరు మెదపట్లేదు. గీత చివరిదాకా నిండింది.

రైట్, రైట్ అంది.

మళ్లీ మూడు దెబ్బలు. హోల్డాన్. ఆగడం. దొర్లడం. నిండడం. రైట్. ఫుట్‌బోర్డు మీద మనుషులు పూర్తిగా ఎక్కేదాకా బస్సు కదలనివ్వని మనిషి, పచ్చ గీత నిండేదాకా నన్ను కదలనివ్వలేదు. ఒకసారి నేను తొందరపడి కొట్టి చచ్చాను. నేననలేదు గదా, ఎందుకు కదిలినవ్ అని కసిరింది. సారీ అన్నాను. మంట దగ్గర లేచి మళ్లీ పరిగెత్తాను. కావలివాడి ప్రాణం సగానికి వచ్చింది, పావుకి వచ్చింది. నా చేతులు జారిపోతున్నాయి. ఇంకొక్క మూడు దెబ్బలు చాలు. గీత నిండుతోంది. ఆవిడ రైట్ అనడానికి నోరు తెరిచింది.

తెర నల్లగా అయిపోయింది. ఒంటిగంట. టైము కాగానే దానంతటదే ఆగిపోయేలా పెట్టారు.

ఇద్దరం ఆ నల్ల తెరలో మా మొహాలు చూసుకుంటూ కూర్చున్నాం. ఆవిడే ముందు లేచింది. చీర కుచ్చిళ్లు సర్దుకుని, సంచీ భుజానికి తగిలించుకుని, వాడు ఊకె నిలబడ్డడంతే, వాని పని అయిపోయింది అంది.

మా లీడ్ గదిలోకి వచ్చాడు. చేతిలో ఫారం ఉంది. పుస్తకం సాయంతో వంతెన దాటారా అన్న చోట లేదు అని రాసి ఉంది. ఎందుకు దాటలేదు అన్న చోట ఖాళీ. ఆ స్విచ్చి ఎవరు వేశారని అడిగాడు. నా కంప్యూటర్, నేనే అన్నాను. అతని వెనకే వచ్చిన టెస్టింగ్ పిల్ల నోరు తెరవబోతే ఒక్క చూపు చూశాను, మూసుకుంది. లీడ్ పెన్ను నాకిచ్చి, ఆ ఖాళీ మీరే రాయండి అన్నాడు. పుస్తకం తప్పు, వచ్చినావిడ తప్పేమీ లేదు, అని రాసి సంతకం పెట్టాను. అతను రెండుసార్లు చదివాడు. కోపంగానే ఉన్నాడు, ఉండాలి కూడా. చివరికి, మూడు వారాలు అన్నాడు. కొత్తగా రాయండి, కొత్త మనిషిని తెస్తాం, ఇదే ఆఖరు అన్నాడు. మూడు వారాలైనా ఎందుకిచ్చాడంటే, ఆ చివరి పావు ప్రాణం అతనూ అద్దంలోంచి చూశాడు కాబట్టి.

ఆ మూడు వారాలూ నేను నా సీట్లోనే, దారి పక్కనే, స్విచ్చి లేకుండా ఆడాను. ఎన్నిసార్లు చచ్చానో లెక్కపెట్టలేదు. కాఫీ కప్పులతో వెనకాల నిలబడేవాళ్లని, ఏమయ్యా, ఇందాక నేను చచ్చినప్పుడు దమ్ము ఎంత మిగిలింది, చూశావా, అని అడిగి రాసుకునేదాన్ని. పుస్తకం సగం మారిపోయింది. వంతెన దగ్గర కొత్త వాక్యాలు ఇవి: వాడి గదని కాదు, మీ పచ్చ గీతని చూడండి. పావువంతుకి రాగానే హోల్డాన్. వెనక్కి జరగండి, దొర్లడానికి మాత్రం కాస్త దమ్ము ఉంచుకోండి. గీత పూర్తిగా నిండాక రైట్. ఈ మాటలు గైడ్‌లో ఎలా ఉంటాయి మేడం అని లీడ్ గొణిగాడు. ఉంటాయండి అన్నాను.

రెండో పరీక్షకి బాచుపల్లిలో బట్టలు కుట్టే ఆయన వచ్చాడు. అదే గది, అదే పదకొండు. నేను ముళ్ల మీద కూర్చున్నట్టు కూర్చున్నాను. ఆయన పన్నెండుంబావుకి వంతెన చేరాడు. చచ్చాడు. మళ్లీ చచ్చాడు. మూడోసారి పుస్తకం చదివి, పెదాలు కదుపుతూ వెళ్లాడు. స్పీకర్ దగ్గర చెవి పెట్టి విన్నాను. హోల్డాన్, హోల్డాన్ అని గొణుక్కుంటున్నాడు. మూడోసారీ, నాలుగోసారీ పోయాడు గానీ ప్రతిసారీ కావలివాడి ప్రాణం ఇంకాస్త తగ్గింది. అయిదోసారి, ఒంటిగంటకి ఏడు నిమిషాలుందనగా, కావలివాడు కూలబడ్డాడు. ఆయన లేచి నిలబడి చుట్టూ చూశాడు, ఎవరికైనా చెబుదామని.

టెస్టింగ్ అమ్మాయి నన్ను కావలించుకుంది. లీడ్ ఫారంలో అవును అని రాశాడు. నాలుగు గంటలకి మెయిల్ వచ్చింది, మిమ్మల్ని ఉంచుకుంటున్నాం అని. రెండుసార్లు చదివాను. మా ఆయనకి కూడా చెప్పకుండా ముందు హఫీజ్‌పేట్‌కి కండక్టరమ్మకి ఫోన్ చేశాను. వెనకాల పిల్లల గోల వినిపిస్తోంది. వంతెన దాటాడమ్మా, మీ మాటతోనే దాటాడు, నా ఉద్యోగం నిలబడింది అని గబగబా చెప్పాను. ఆవిడ అంతా విని ఒక్కటే అడిగింది.

"ఆయన ఎన్నిసార్లు సచ్చిండు?"

నాలుగుసార్లండి అన్నాను.

"నేను ఎనిమిదిసార్లు సచ్చిన," అంది. "అండ్ల నాలుగు నాయి, మిగిలిన నాలుగు నీయే."